జల్లెడ నేర్చుకున్న మాటలు

మా నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని అందరూ జల్లెడ అనేవారు. మొదట చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. చివరికి ఆయనే ఫోనెత్తి "జల్లెడని మాట్లాడుతున్నా, చెప్పండి" అనేదాకా వచ్చింది. ఆ పిలుపులో ఎగతాళి కొంత ఉన్నా మెప్పే ఎక్కువ.

ఈ మధ్య ఆయన పోయాడని తెలిసిన మర్నాడు, మాతోపాటు పనిచేసిన ఒకాయన ఫోన్ చేసి, "ఆ మెయిళ్ళ గొడవ ఒక్కటి తప్పితే మచ్చలేని మనిషి పాపం" అన్నాడు. అవునన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. గొడవ ఏమిటో, అందులో ఎవరి పాలు ఎంతో ఆ ఫోన్ చేసినాయన సుఖంగా మర్చిపోయాడు. నాకు మరుపు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను అక్కడ నక్షాలు గీసేవాణ్ణి. ఏ గొట్టం ఏ రోడ్డు కింద మలుపు తిరుగుతుందో, ఏ వాల్వు ఎవరి గుమ్మం ముందు ఉందో కాగితం మీద పెట్టడం నా పని. నా గదికీ ఆయన గదికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. ఆయన గది ఒకప్పుడు బ్లీచింగ్ పౌడరు బస్తాలు పెట్టిన కొట్టు. కిటికీ లేదు. సున్నం ఎన్నిసార్లు వేసినా గోడల్లోంచి ఆ ఘాటు పోలేదు. సర్వర్లు వేడెక్కకూడదని ఎప్పుడూ ఏసీ ఆడించేవారు. అందుకని మండుటెండల్లో కూడా ఆయన చేతుల్లేని స్వెట్టరు తొడుక్కుని కూర్చునేవాడు. బయటికి వచ్చినప్పుడు విప్పడం, లోపలికి వెళ్ళేటప్పుడు తొడుక్కోవడం, మనిషికి ఉన్న వ్యాయామం అదొక్కటేనని పంపు ఆపరేటర్లు నవ్వేవారు.

కంప్యూటర్లు చదువుకుని వచ్చినవాడు కాదు. టపా గుమాస్తాగా చేరాడు. వచ్చిన కవరు ఏ సీటుకి పోవాలో విప్పకుండానే చెప్పగలిగేవాడు. చేతిరాతను బట్టి, అంటించిన తీరును బట్టి, ఇది ఫిర్యాదు, ఇది టెండరు, ఇది ఉద్యోగం కోసం బతిమాలుకోవడం అని వేరు చేసేవాడు. ఆఫీసుకి మెయిల్ వచ్చిన ఏడాది పెద్ద ఇంజనీరు ఆయన్ని పిలిచి, "ఉత్తరాల సంగతి నీకే తెలుసు, ఇదీ ఉత్తరమే, చూసుకో" అని ఆ కొట్టు తాళాలు చేతిలో పెట్టాడు. అలా మెయిల్ సర్వర్ల మనిషి అయ్యాడు. పుస్తకాలు తెప్పించుకుని, అర్థం కానివి నాలుగుసార్లు చదివి, నేర్చుకున్నాడు. నా పుస్తకాల బీరువాలోంచి సంభావ్యత మీద ఒక పాత పాఠ్యపుస్తకం తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే ఆ పుస్తకాన్ని నాకంటే బాగా వాడుకున్నాడు.

అప్పట్లో చెత్త మెయిళ్ళు వరదలా వచ్చేవి. లాటరీ తగిలిందనీ, జుట్టు మొలుస్తుందనీ, దూరదేశపు రాణిగారి నగలు మీ పేర పెడతామనీ. ఆయన మొదట కొన్ని మాటల్ని నిషేధించాడు. లాటరీ అనే మాట ఉంటే ఆపెయ్యి అన్నాడు. మర్నాటినుంచి అక్షరాల మధ్య చుక్కలు పెట్టుకుని అదే లాటరీ వచ్చింది. ఇలా కొన్నాళ్ళు దాగుడుమూతలాడి, విసిగిపోయి, ఒకరోజు నా గదిలోకి వచ్చాడు. స్వెట్టరు విప్పడం కూడా మర్చిపోయాడు.

"అన్నగారూ, నేను మాటలకి శిక్ష వెయ్యడం మానేశాను" అన్నాడు. "ఇప్పుడు ప్రతి మాటకీ దాని చరిత్ర పెట్టిస్తున్నాను. ఈ మాట చెత్తలో ఎన్నిసార్లు కనపడింది, మంచి మెయిల్లో ఎన్నిసార్లు కనపడింది. కొత్త మెయిల్ రాగానే ప్రోగ్రాము అందులో మాటలన్నిటినీ పిలుస్తుంది, ఒక్కొక్కదాని చరిత్ర అడుగుతుంది, అన్నీ కలిపి గుణించి చూసి, ఇది చెత్త అయ్యే అవకాశం ఇంత అని తేలుస్తుంది. బేయస్ అని ఒకాయన ఎప్పుడో చెప్పిన సూత్రం. మన పుస్తకంలోదే."

"నా పుస్తకంలోది" అన్నాను.

"అదే, మనదే" అన్నాడు.

"అంటే సావాసాన్ని బట్టి మనిషిని అంచనా కట్టినట్టు."

"అంతే. కాకపోతే జనం ఒకసారి అనుకున్నది మార్చుకోరు. ఇది రోజూ నేర్చుకుంటుంది."

నిజంగానే నేర్చుకుంది. ఆ ప్రోగ్రాముకి జల్లెడ అని పేరు పెట్టాడు, ఆ పేరే తర్వాత ఆయనకీ అంటుకుంది. నేర్పడానికి ఆయన ప్రతి ఒక్కరి మెయిల్ పెట్టెలో చెత్త అని ఒక బొత్తాం పెట్టించాడు. అది నొక్కితే ఆ మెయిల్ జల్లెడ దగ్గరికి పోతుంది, దాని మాటలన్నిటికీ ఒక్కో మచ్చ పడుతుంది. గదులన్నీ తిరిగి, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు: "మొహమాటపడకండి, నొక్కండి. మీరు నొక్కితేనే అది నేర్చుకుంటుంది."

వాళ్ళు మొహమాటపడలేదు. దానికి ఒక కారణం ఉంది. మా మెయిల్ పెట్టెలు చిన్నవి, ఊరికే నిండిపోయేవి. మామూలుగా తుడిచేస్తే ఆ మెయిల్ ఇంకో అరలోకి పోయి చోటు తింటూనే ఉండేది. చెత్త బొత్తాం నొక్కితే మాత్రం పూర్తిగా పెట్టె వదిలిపోయేది. ఈ కిటుకు ముందు స్టోర్స్ వాళ్ళు కనిపెట్టారు. వారం తిరక్కుండా ఆఫీసంతా పాకింది. అప్పటినుంచి మాకు ఆ బొత్తాం చీపురైంది. చదివినదీ చదవనిదీ, అక్కరతీరినదీ చిరాకుపుట్టించేదీ, అన్నీ దానితోనే ఊడ్చేవారు. ఆయనకి ఈ సంగతి చూచాయగా తెలుసు. "పెద్ద తేడా రాదులెండి, మంచి మాటలకి మంచి చరిత్ర బోలెడంత ఉంది" అనేవాడు.

మొదటి రోజుల్లో పొద్దున్నే వచ్చి, జల్లెడ ఆపిన మెయిళ్ళన్నీ తెరిచి చూసేవాడు. అందరూ బియ్యంలో రాళ్ళేరితే తను రాళ్ళలో బియ్యం ఏరుతున్నానని నవ్వేవాడు. ఎప్పుడైనా ఒక మంచి మెయిల్ చిక్కుకుని ఉంటే దాన్ని విడిపించి, ఇది మంచిదని జల్లెడకి చెప్పేవాడు. రానురాను అలాంటివి దొరకడం తగ్గిపోయింది. పెద్ద ఇంజనీరు సమావేశంలో లేచి నిలబడి, ఇంత ఖర్చులేని పనితనం తన సర్వీసులో చూడలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రింటర్లు కూడా ఆయన నెత్తినే పడ్డాయి, ఫోన్లు పడ్డాయి, మీటర్ల బిల్లుల సాఫ్ట్‌వేర్ పడింది. పొద్దుటి ఏరుడు మానేశాడు. దానికి బదులు, జల్లెడ తనకు తానే నేర్చుకునేట్టు ఒక ఏర్పాటు చేశాడు. ఏ మెయిలైనా చెత్తేనని గట్టిగా నమ్మకం కుదిరితే, ఎవర్నీ అడగకుండా ఆ మాటలకి ఇంకో మచ్చ తనే వేసుకుంటుంది. తన తీర్పే తనకి సాక్ష్యం. అందులో ఉన్న ప్రమాదం అప్పుడు ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను వింటూ తలూపాను.

ఇక పరీక్షలావిడ సంగతి. మా ఆవరణ వెనక, నీళ్ళు తేరుకునే తొట్లు దాటాక, ఒక రేకుల గది ఉండేది. అదే ల్యాబు. ట్యాంకులనుంచి రోజూ సీసాల్లో వచ్చే నీళ్ళని ఆవిడ పరీక్షించేది. సీసాలో మందు కలిపి, తెల్ల పలక ముందు ఎత్తి పట్టుకుంటుంది. నీళ్ళలో క్లోరిన్ తగినంత ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తెల్లగా ఉంటే ప్రమాదం. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే రకం. భర్త లేడు, తల్లి మంచంలో ఉంది, ఆ జీతం మీదే ఇద్దరూ బతికేవారు. గొంతు పెద్దది, మాటకి ముసుగు లేదు. ఇంజనీర్లు ఆవిణ్ణి నస అనేవారు. జల్లెడని తమ్ముడూ అని పిలిచేది, ఆయన అక్కా అనేవాడు.

బాగున్న లెక్కలన్నీ నెలకోసారి అచ్చు కాగితం మీద పోయేవి. బాగా లేనివి మాత్రం అప్పటికప్పుడు మెయిల్‌లో పోవాలి, అదీ పద్ధతి. అంటే ఆవిడ దగ్గరినుంచి మెయిల్ వచ్చిందంటే ఎవరికో పని పడ్డట్టే. తూర్పు ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపే పంపు ముసలిదైపోయి, ఓ రోజు కలుపుతూ ఓ రోజు మానేస్తూ ఉండేది. తూర్పు ట్యాంకు నమూనాలో అవశేష క్లోరిన్ తక్కువగా ఉన్నది, దయచేసి తక్షణమే గమనించగలరు. ఇదే వాక్యం, కింద తన హోదా, తేదీ మాత్రం మారేది. పంపు మార్చడానికి డబ్బు మంజూరు కాలేదు. పై అధికార్లు చదివి ఏం చెయ్యాలో తోచక ఊడ్చేశారు. తర్వాత చదవకుండానే ఊడ్చేశారు. చీపురు చేతిలో ఉంది.

కొన్నాళ్ళకి ఆవిడ మెయిళ్ళు రావడం ఆగిపోయింది. ఆవిడ పంపుతూనే ఉంది. వీళ్ళకే అందడం లేదు. "నస తగ్గిందయ్యా, పంపు కుదురుకున్నట్టుంది" అని సెక్షన్ ఇంజనీరు అనడం నేను విన్నాను. జవాబు రాకపోతే ఆవిడ ఆయనకి ఫోన్ కూడా చేసింది. ఒకసారి నా గదిలోంచే చేసింది.

"ఏమండీ, తూర్పు నీళ్ళు మళ్ళీ తెల్లగా వచ్చాయి."

అవతల ఆయన ఏదో అన్నాడు.

"పెట్టానండీ మెయిలు. మొన్న పెట్టా, నిన్న పెట్టా. చూడలేదా మీరు?"

మళ్ళీ ఏదో అన్నాడు. ఆవిడ రిసీవరు పెట్టేసి నావైపు తిరిగింది. "నోటిమాట కుదరదట. రాతలో ఉండాలట. మెయిల్ పెట్టమ్మా అంటున్నాడు. గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుందండీ."

వర్షాలు మొదలయ్యాక తూర్పు వీధుల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాల్లో కూడా మంచాలు వేశారు. ఒక పసివాడూ, ఇద్దరు ముసలివాళ్ళూ పోయారు. ఆఫీసు గేటు ముందు జనం బిందెలు పెట్టుకుని కూర్చున్నారు, ఖాళీ బిందెలు కావు, మా నీళ్ళు నింపినవే. తాగమన్నారు మమ్మల్ని. సెక్షన్ ఇంజనీరు బయటికి వచ్చి నీళ్ళు నమిలాడు తప్ప తాగలేదు.

పెద్ద ఇంజనీరు అందర్నీ పిలిచాడు. "ల్యాబునుంచి ఒక్క మెయిలూ రాలేదు. మాకు తెలిస్తే కదా మేం ఏమైనా చేసేది" అన్నాడు. పరీక్షలావిడ పంపానంది. ఎవరికి అందిందో చెప్పమన్నాడు. ఆరుగురికి పంపాలి, ఆరుగురూ మాకు రాలేదన్నారు. అబద్ధం కాదు. ఎవరి పెట్టెలోనూ లేదు. విచారణ వేస్తారని, అది తేలేదాకా ఆవిడ ల్యాబుకి రానక్కర్లేదని చెప్పారు. పంపలేదని తేలితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, ముగ్గుర్ని చంపిన మనిషిగా మిగిలిపోతుంది. పంపిందని తేలితే బయటపడుతుంది. ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే.

తిన్నగా జల్లెడ గదికి వచ్చింది. చెక్క అవతల మాటలు నాకు స్పష్టంగా వినపడుతున్నాయి.

"తమ్ముడూ, నా మెయిళ్ళు ఏమైపోయాయో చూడు."

"మీరు ఏ అడ్రసుకి పంపారో ఏమిటో అక్కా. నా జల్లెడ మంచి మెయిల్ని ఆపదు."

"ఆపదు సరే. ఒకసారి చూస్తే అరిగిపోతావా?"

కుర్చీ చప్పుడు, కీబోర్డు చప్పుడు. ఆవిడే అడిగింది, "ఉన్నాయా?" అని. ఆయన చెక్క మీద తట్టి నన్ను పిలిచాడు. వెళ్ళాను. తెరమీద ఆపిన మెయిళ్ళు వరసగా ఉన్నాయి. పాతవి గడువు తీరి చెరిగిపోయాయి, మిగిలినవే తెర నిండా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన చెత్త అయ్యే అవకాశం, ఇంచుమించు నూటికి నూరు. ఆయన ఒకదాన్ని విప్పి మాటల బరువులు చూపించాడు. ట్యాంకు అనే మాట ఎటూ మొగ్గలేదు, అది అందరూ వాడేదే. తూర్పు కాస్త చెత్తవైపు ఒరిగింది. నమూనా, అవశేష, గమనించగలరు, ఇవి ఆవిడ తప్ప ఎవరూ రాయని మాటలు. వాటికి మంచి చరిత్ర అన్నది లేనేలేదు. దయచేసి, తక్షణమే అన్నవి అంతకుముందే చెడిపోయి ఉన్నాయి, మోసగాళ్ళకీ మర్యాదస్తులకీ అవే మాటలు కావాలి కదా. ఇక ఆవిడ హోదా, ప్రయోగశాల సహాయకురాలు అన్నది, చెత్తవైపు దాని బరువు లాటరీ అన్న మాట కంటే ఎక్కువగా ఉంది.

"ఈ చివరిదేమిటి?" అంది ఆవిడ.

"అది... మీరు కింద రాసుకునేదక్కా. మీ సెలవు చీటీలు కూడా ఇక్కడే ఉన్నాయి."

"ఓహో. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే సెలవివ్వలేదని ఏడ్చాను. ఇవ్వకపోవడం కాదన్నమాట" అంది. వెళ్ళిపోయింది.

సాయంత్రంలోగా పెద్ద ఇంజనీరుకి తెలిసిపోయింది. ఆయనే నడిచి వచ్చాడు, ఆ కొట్లోకి ఆయన రావడం నేను చూసింది అదొక్కసారే. గొంతు తగ్గించాడు గానీ చెక్క పలచనిది.

"పాతవి చెరిగిపోతూ ఉంటాయటగా. ఈ మిగిలినవీ అలాగే పోతాయిగా."

"పోతాయండి, గడువు తీరాక."

"మరి వాటి మానాన వాటిని పోనీ. నీ జల్లెడ పేరూ చెడదు, నా సంతకాలూ చెడవు. ఆవిడకేం, తాత్కాలికం ఉద్యోగం, ఇంకోచోట దొరుకుతుంది."

జల్లెడ ఆ రోజు ఇంటికి వెళ్ళాక భార్యకి చెప్పాడట. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది, మాటా సూదిలాగే ఉండేది. తర్వాత ఆవిడే నాకు చెప్పింది ఈ ముక్క. అంతా విని, మిషను ఆపకుండానే అందట: "ఆవిడ పంపిందని మీకు తెలుసు. తెలిశాక ఇంకా నన్నెందుకు అడగడం? నేను వద్దంటే రేపు నా పేరు చెప్పుకుందామనా?" ఆయన మర్నాడు ఆ మెయిళ్ళన్నీ చెరిగిపోకుండా వేరే దాచాడు. ఆ సంగతి పెద్ద ఇంజనీరుకి తనే వెళ్ళి చెప్పి వచ్చాడు.

విచారణకి బయటినుంచి ఒక అధికారి వచ్చాడు. తూర్పు గొట్టాల నక్షా పరిచి చూపించాలని నన్నూ కూర్చోబెట్టారు. జల్లెడ స్వెట్టరు లేకుండా వచ్చాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. మెయిళ్ళు ముందు పెట్టాడు. జల్లెడ ఎలా పనిచేస్తుందో చెప్పాడు. నాకు చెప్పినంత ముచ్చటగా చెప్పలేకపోయాడు.

"అంటే ఇది లెక్కలో వచ్చిన తప్పు" అన్నాడు అధికారి.

"కాదండి. లెక్క సరిగానే ఉంది. నేర్పడంలో తప్పు."

"ఎవరు నేర్పారు?"

"అందరూనండి. చెత్త బొత్తాం నొక్కినవాళ్ళందరూ. దాన్ని అలా పెట్టింది నేను. ఆపినవాటిని చూడ్డం మానేసిందీ నేనే."

"మీ సంగతి రాసుకున్నాను. ఆ నొక్కినవాళ్ళ పేర్లు చెప్పండి."

"అది పేర్లు గుర్తుపెట్టుకోదండి. మాటలు, ఎన్నిసార్లు వచ్చాయన్నది, అంతే గుర్తుపెట్టుకుంటుంది."

అధికారి కలం పక్కన పెట్టాడు. "అందరూ అని నేను రాయలేనండి. రాయడానికి పేరుండాలి." గదిలో ఉన్న ఆరుగుర్నీ వరసగా అడిగాడు. ఒక్కొక్కరూ ల్యాబు మెయిల్ మీద ఆ బొత్తాం నొక్కిన గుర్తు లేదన్నారు. స్టోర్స్ ఆయన అయితే తనకి ఆ బొత్తాం ఎక్కడుంటుందో కూడా తెలియదన్నాడు. నేను నా నక్షా వైపు చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు.

పరీక్షలావిణ్ణి చివర పిలిచారు.

"పంపారు, ఒప్పుకుంటున్నాం. జవాబు రానప్పుడు ఫోన్ చెయ్యాలని తోచలేదా?"

"చేశానండీ. మెయిల్ పెట్టమన్నారు."

"ఎవరన్నారు?"

ఆవిడ సెక్షన్ ఇంజనీరు వైపు వేలు చూపించింది. అలాంటి ఫోన్ ఏదీ గుర్తులేదన్నాడాయన. ఫోన్ నా గదిలోంచే చేసిందని నేను చెప్పాను. "అవతలి మాట మీరు విన్నారా?" అని అడిగాడు అధికారి. వినలేదు. వినలేదనే చెప్పాను.

నివేదిక వచ్చింది. మెయిల్ వ్యవస్థలో సాంకేతిక లోపం వల్ల హెచ్చరికలు అందలేదు. అధికారులకు సమాచారం లేనందున వారిని బాధ్యులను చేయలేము. సమాచారం అందినదీ లేనిదీ నిర్ధారించుకోవలసిన బాధ్యత పంపినవారిది. ఆవిడ ఉద్యోగం పొడిగించలేదు. ఆయనకి ఒక మందలింపు కాగితం ఇచ్చి, దానితోపాటు మెరుగైన జల్లెడ కొనడానికి నిధులు మంజూరు చేశారు. పంపు కొనడానికి దొరకని నిధులు దీనికి దొరికాయి. మందలింపు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంజూరు కాగితం మాత్రం నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

అదే వారం జల్లెడ నేర్చుకున్నదంతా చెరిపేశాడు. ఒక్క మాటకీ చరిత్ర లేకుండా చేశాడు. మర్నాటినుంచి రాణిగారి నగలు, జుట్టు మందులు అన్ని పెట్టెల్లోనూ కుప్ప పోశాయి. కారిడార్లో కేకలు. "ఏం జల్లెడా, చిల్లు పడిందా?" అన్నారు పంపు ఆపరేటర్లు. స్టోర్స్ ఆయన చేతులూపుకుంటూ వచ్చి, "ఆ బొత్తాం పనిచెయ్యడం లేదేంటయ్యా, నేను పొద్దుట్నించీ నొక్కుతున్నా" అన్నాడు. బొత్తాం ఎక్కడుందో తెలియని మనిషి. జల్లెడ ఆయన మొహంలోకి చూసి, "తీసేశానండి" అని తలుపు వేసుకున్నాడు. పెద్ద ఇంజనీరు లిఖితపూర్వకంగా ఆదేశమిచ్చి బొత్తాం మళ్ళీ పెట్టించాడు.

నివేదిక మీద అప్పీలు చేసుకోవడానికి ఆవిడకి కొంత గడువు ఉంది. ఆయన అప్పీలు తనే రాశాడు, రెండుమూడుసార్లు దిద్దాడు, నాచేత చదివించాడు. తోడు రమ్మంటే వెళ్ళాను. ఆవిడ అప్పటికి ఊరి చివర నీళ్ళ డబ్బాలు నింపి అమ్మే షెడ్డులో చేరింది. అక్కడా పరీక్షలే, జీతం సగం. నేలంతా తడి, గోడకి ఆనించి ఖాళీ డబ్బాల గుట్ట.

"కుర్చీల్లేవు. డబ్బాలు బోర్లించుకుని కూర్చోండి" అంది. కూర్చున్నాం. ఆయన కాగితాలు అందించాడు.

"అక్కా, అంతా ఇందులో ఉంది. మీరు సంతకం పెడితే చాలు. నేనే చేత్తో తీసుకెళ్ళి ఇస్తాను. మెయిల్ కాదు."

చేతులు తుడుచుకుని, తలుపు దగ్గర వెలుతుర్లో నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివింది. తొందరపడలేదు.

"బాగా రాశావు. దయచేసి అని మూడుచోట్ల పెట్టావే."

"మర్యాదకక్కా."

"ఆ మాటకి ఎంత విలువుందో చూపించింది నువ్వే కదా." కాగితాలు మడిచింది. "ఒకటి అడుగుతా. నీ యంత్రం నా మెయిళ్ళు చదివిందా?"

"చదవడమంటే... ప్రతి మాటా చూస్తుంది."

"అన్ని మెయిళ్ళూ?"

"అన్నీ."

"అయితే ఆ ఆఫీసు మొత్తం మీద నేను రాసింది పూర్తిగా చదివింది అదొక్కటే. దాని మీద నాకు కోపం లేదు తమ్ముడూ."

"నా మీద?" అన్నాడు.

"నీ మీద ఉంది" అంది ఆవిడ, మామూలు గొంతుతోనే. "వాళ్ళకి నేను నస. నీకు కాదు. పొద్దున్నే ఒకసారి తెరిచి చూస్తే నీ అక్క కనపడేది."

లోపలినుంచి షెడ్డు యజమాని కేకేశాడు, నీళ్ళు చూశావా లేదా అని. చూశాను, ఈ విడత బాగాలేదని ఆవిడ అరిచి చెప్పింది. సర్లే, రేపట్నించి చూద్దాం, ఇవి పోనీ అన్నాడు. ఆవిడ మావైపు తిరిగి, "ఇక్కడ అదో సుఖం. కాదన్నా వెంటనే అంటాడు" అంది.

కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టేసింది. "సంతకం పెట్టను. మళ్ళీ నేను రాయడం, మళ్ళీ వాళ్ళు అందలేదనడం. ముగ్గురు పోయారు, అందులో పసివాడు మా వీధి చివరింటివాడు. వాళ్ళమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది. నీ అప్పీలు నెగ్గితే ఆవిడకి మళ్ళీ ఎవరు చెప్తారు? అది కూడా నువ్వే చేత్తో తీసుకెళ్ళి ఇస్తావా?"

ఇస్తానని ఆయన అన్నాడు. ఆవిడ నవ్వింది. అందులో వెటకారం కూడా లేదు. లోపలికి వెళ్ళిపోయింది.

గడువు దాటిపోయింది. ఆయన ఆ చివరింటికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. తలుపు తీసిన పసివాడి తల్లి, నీళ్ళాఫీసునుంచి వచ్చానని అనగానే మూసేసింది. మళ్ళీ వెళ్ళాడు. ఆ తలుపు తెరుచుకోలేదు.

ల్యాబులోకి కొత్తమ్మాయిని తీసుకున్నారు. నెమ్మదస్తురాలు, నీళ్ళు కొంచెం అటూ ఇటూగా ఉంటే మరోసారి చూసి, ఇంకోసారి చూసి, తప్పదనుకుంటేనే మెయిల్ రాస్తుంది. పెద్ద ఇంజనీరుకి ఆ అమ్మాయి పని బాగా నచ్చింది. రెండో ఏడు అడగకుండానే పొడిగించాడు.